కొలత కుదిరిన అచ్చు



కిందటి నెలలో ఒక పొద్దున పెడన స్టేషన్లో గుడివాడ వెళ్లే రైలు ఎక్కాను. పెట్టె నిండా కాలేజీ పిల్లలే. అందరూ గుడ్లవల్లేరులో దిగేవాళ్లు. నా ఎదురు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల పక్కన బుట్ట పట్టుకుని ఒక మామ్మగారు కూర్చున్నారు. కుర్రాళ్లిద్దరి ఒళ్లోనూ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. బండి వడ్లమన్నాడు చేరకముందే ఆ ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"నీ విండోస్ అప్‌డేట్ అంటూ కూర్చుంటే ఈలోగా పరీక్షే అయిపోద్ది బావా" అన్నాడు ఒకడు.

"నీ లినక్స్‌లో ప్రింటరు పలకాలంటే ముహూర్తం పెట్టించాలిరా" అన్నాడు రెండోవాడు.

"నాది ఎలా పనిచేస్తుందో విప్పి చూసుకోవచ్చు. నీది చూడగలవా?"

"చూసి ఏం చేస్తావు? నాకు పని జరిగితే చాలు."

కవుతరం వచ్చేసరికి గొంతులు లేచాయి. మామ్మగారు కంగారుపడి, "ఏంటి నాయనా, పొలం గట్టు తగాదానా?" అని అడిగారు. "కాదు మామ్మా, ఆపరేటింగ్ సిస్టమ్ గురించి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. "అంటే ఏంటి?" అన్నారావిడ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేనికోసం అంతసేపు గొంతు చించుకున్నారో, అదేమిటో ఆవిడకు అర్థమయ్యేలా ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఆ మామ్మగారికి చెప్పవలసిన జవాబే ఈ రోజు నా ప్రసంగం.

మామ్మగారూ, మన పెడనలో అద్దకం షెడ్డు మీకు తెలియంది కాదు. పొడుగాటి బల్లలు. బల్ల మీద పరిచిన గుడ్డ. ఒకరు నలుపు అద్దుతారు. ఒకరు పటిక అద్దుతారు. ఒకరు కాగులో గుడ్డ ఉడకబెడతారు. ఒకరు పారే నీళ్లలో జాడిస్తారు. మరి ఏ బల్ల ఎవరికి? ఏ అచ్చు ముందు, ఏది తర్వాత? ఏ గుడ్డ ఎండలోకి వెళ్లాలి? ఇదంతా చూసుకునేది మేస్త్రి. ఆయన స్వయంగా అచ్చు పట్టకపోవచ్చు. కానీ ఆయన లేని రోజున ఇద్దరు ఒకే బల్ల దగ్గరికి వస్తారు. మూడో బల్ల ఖాళీగా ఉంటుంది.

కంప్యూటర్లో ఉండే ఆ మేస్త్రి పేరే ఆపరేటింగ్ సిస్టమ్. మీరు ఉత్తరం టైపు చేస్తారు. పాట వింటారు. ఫొటో చూస్తారు. ఇవన్నీ వేరు వేరు పనులు. ఏ పనికి ఎంత చోటు ఇవ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు, ప్రింటరును ఎప్పుడు పిలవాలి, ఇవన్నీ చూసుకునేది ఆ మేస్త్రే.

ఈ మేస్త్రులు ముఖ్యంగా ముగ్గురు. ఒకటి మైక్రోసాఫ్ట్ కంపెనీ చేసిన విండోస్. రెండోది యాపిల్ కంపెనీవాళ్లు తమ సొంత యంత్రాలకే పెట్టుకునే మ్యాక్ ఓఎస్. మూడోది లినక్స్. మొదటి రెండింటిలో రంగుల పాళ్లు, అంటే అవి ఎలా తయారయ్యాయో చెప్పే రాత, కంపెనీ దగ్గరే గుట్టుగా ఉంటాయి. లినక్స్ అలా కాదు. అది రంగుల పాళ్లు గోడ మీద రాసిపెట్టిన షెడ్డు. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. మార్చుకోవచ్చు. పక్కవాడికి ఇవ్వవచ్చు.

ఈ తగాదా ఎప్పటిది? 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ఒక మాట అన్నారు. సాఫ్ట్‌వేర్‌ను వాడుకునేవాడికి దాన్ని చదివే హక్కు, మార్చుకునే హక్కు, పంచుకునే హక్కు ఉండాలి అని. ఆ ఉద్దేశంతో ఒక పూర్తి వ్యవస్థను కట్టడం మొదలుపెట్టారు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదా కోసం చేస్తున్నానంటూ ఒక మేస్త్రిని తయారుచేసి లోకానికి ఇచ్చేశాడు. ఆ రెండూ కలిసి ఇవాళ మనం లినక్స్ అంటున్న వ్యవస్థ అయింది. ఇటు 1995లో విండోస్ 95 వచ్చింది. మన బజార్లలో కొన్న కంప్యూటర్లలో చాలావాటితో విండోసే వచ్చేది. మనలో చాలామంది వేళ్లు మొదట దానికే అలవాటుపడ్డాయి.

ఇక్కడే అభిమానం పుడుతుంది. దీన్ని మనం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. గుంట మగ్గం మీద ఇరవై ఏళ్లు నేసిన మనిషి దగ్గరికి వెళ్లి, "ఇదేం మగ్గమండీ" అంటే ఆయనకు ఎలా ఉంటుంది? మీరు మగ్గాన్ని అన్నారు. ఆయనకు మాత్రం తన ఇరవై ఏళ్ల కష్టాన్ని అన్నట్టు ఉంటుంది. కంప్యూటరూ అంతే. రాత్రిళ్లు కూర్చుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్న పని అది. దాన్ని తక్కువ చేస్తే మనసు నొచ్చుకుంటుంది. రైల్లో ఆ కుర్రాళ్లు కొట్లాడుకున్నది యంత్రం గురించి కాదు. తమ కష్టం గురించి.

ఇలాంటి అభిమానం మన కృష్ణా జిల్లాకు కొత్తా? నిమ్మకూరు మనదే. రామాపురం మనదే. ఎన్టీ రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు ఇద్దరూ ఈ గుడివాడ చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లినవారే. వాళ్ల అభిమానులు మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని ఎన్ని పందేలు కాసుకున్నారు! ఎన్ని రోజులు మాటలు మానుకున్నారు! కానీ 1957లో మాయాబజార్‌లో ఒకరు కృష్ణుడు, ఒకరు అభిమన్యుడు. 1962లో గుండమ్మ కథలో ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్లు. బయట అభిమానులు విడిపోయి నిలబడ్డారు. తెర మీద వాళ్లిద్దరూ కలిసి నిలబడ్డారు.

కంప్యూటర్ల లోకంలోనూ అదే జరిగింది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. అంత పెద్ద మాట. పదమూడేళ్లు గడిచాయి. 2014లో అదే కుర్చీలోకి మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల వచ్చారు. ఆ ఏడాదే ఆయన మైక్రోసాఫ్ట్ లినక్స్‌ను ప్రేమిస్తుందని అందరి ముందూ ప్రకటించారు. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు వచ్చింది. లినక్స్ అభిమానులు తాము రాసిన ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొన్నది. ఇటు విండోస్ అభిమాని జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను గుండెలో ఉన్నది లినక్సే. చూశారా! ఎవరు ఎవరికి శత్రువు? ఒకరి ఇంట్లో ఒకరు ఎప్పుడో కాపురం పెట్టేశారు.

అలాగని అభిమానం వృథా అని నేను అనను. ఎంతమాత్రం అనను. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ మొదలైంది. ఇంజనీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులు జీతం లేకుండా కూర్చుని లినక్స్‌కు తెలుగు నేర్పారు. ఫైల్‌ను దస్త్రం అన్నారు. సేవ్‌ను భద్రపరచు అన్నారు. ఒక్కొక్క మాట, ఒక్కొక్క మెనూ. ఎవరు చెయ్యమన్నారు వాళ్లను? ఎవరూ చెయ్యమనలేదు. ఆ ఇష్టమే చేయించింది. ఉబుంటు అనే లినక్స్ 2004లో వచ్చింది. అడిగినవాళ్లకు సీడీ పోస్టులో ఊరికే పంపేవారు. 2011 దాకా పంపారు. ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజుల్లో ఆ సీడీ చిన్న ఊళ్ల పిల్లలకు ఎంత విలువైనదో, అందుకున్నవాళ్లకు తెలుసు.

విండోస్ పక్షమూ తక్కువ చెయ్యలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు మన కంప్యూటర్లలోకి వచ్చింది. పోటీ ఉన్నచోట ఇద్దరూ మన భాష దగ్గరికి నడిచి వస్తారు. ఇది గుర్తుపెట్టుకోండి. పోటీ మంచిదే. అభిమానమూ మంచిదే. ప్రమాదం వేరేచోట ఉంది.

ఆ ప్రమాదాన్ని నా కళ్లతో నేను చూశాను. అది చెబుతాను.

నేను పెడనలో చాలా ఏళ్లు డీటీపీ పని చేశాను. శుభలేఖలు, కరపత్రాలు, సొసైటీల నోటీసులు. 1999లో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. అద్దకంలో చెయ్యి తిరిగిన మనిషి. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు ఎలా దించాలో, ఎరుపు కోసం పటిక ఎంత కలపాలో, ఆకులు వేసి ఎంతసేపు ఉడకబెట్టాలో, తనకు తెలిసినదంతా చెబుతూ పోయారు. నేను టైపు చేస్తూ పోయాను. ఆరు పేజీలు వచ్చాయి. ఫ్లాపీలో పెట్టి, ఒక కాపీ అచ్చు తీసి ఆయన చేతికిచ్చాను.

పదిహేనేళ్ల తర్వాత ఆయన మనవడు ఆ ఫ్లాపీ తీసుకుని వచ్చాడు. అప్పటికి పెద్దాయన లేరు. ఎలాగో ఫైలు తెరిచాం. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. ఆ కుర్రాడు నా వంక చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేను.

ఎందుకలా అయింది? ఆ రోజుల్లో ఫాంటు చేసే పని ఇది. కంప్యూటరుకు తెలిసింది ఇంగ్లీషు అక్షరాలే. ఫాంటు ఏం చేసేదంటే, ఒక ఇంగ్లీషు అక్షరం స్థానంలో తెలుగు బొమ్మ తొడిగేది. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరమే. పైన కనిపించేది తెలుగు ముసుగు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు కనిపిస్తుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో ముసుగు జారిపోతుంది. ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క లెక్క. ఒకరి లెక్క ఇంకొకరికి కుదరదు. ఇలాంటి ఫైళ్లను మార్చే పరికరాలు ఉన్నాయి. ప్రయత్నించాం. మా ఫైలుకు అవి సగమే పనిచేశాయి. వత్తులు తారుమారయ్యాయి.

చివరికి వాళ్లింట్లో ట్రంకు పెట్టె అడుగున నేనిచ్చిన కాగితాలు దొరికాయి. ఆరింటిలో నాలుగే మిగిలాయి. రెండింటిని చెదలు తినేశాయి. గుడ్డను కరక్కాయలో ముంచే దశ ఆ రెండు పేజీల్లోనే ఉంది. మిగిలిన నాలుగూ మళ్లీ టైపు చేశాను. ఈసారి ముసుగు లేకుండా టైపు చేశాను.

ముసుగు లేకుండా అంటే? శ్రోతలారా, మన ఊళ్లో అచ్చు అంటే టేకు చెక్క మీద చెక్కిన బొమ్మ. బళ్లో అచ్చులంటే అ, ఆ, ఇ, ఈ. మాట ఒక్కటే. ఈ రెండు అచ్చులకూ ఒకే నియమం ఉంది. ముందు చెక్క అచ్చు సంగతి చూడండి. గీత అచ్చు ఒకరు చెక్కుతారు. రంగు అచ్చు ఇంకొకరు చెక్కవచ్చు. కానీ రెండూ ఒకే కొలతకు చెక్కాలి. కొలత తప్పితే ఎరుపు గీత దాటి ఆకులోకి పోతుంది. చెయ్యి ఎవరిదైనా పరవాలేదు. కొలత ఒకటే కావాలి.

అక్షరాలకు అలాంటి కొలత యూనికోడ్. లినక్స్ పుట్టిన 1991లోనే దాని మొదటి రూపం వచ్చింది. అందులోనే తెలుగుకు చోటు దక్కింది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య. మన 'అ'కు 3077. విండోస్‌లోనూ 3077. మ్యాక్‌లోనూ 3077. లినక్స్‌లోనూ, ఫోనులోనూ అదే. బజారులో కొట్లాడుకునే కంపెనీలే ఒక బల్ల చుట్టూ కూర్చుని ఈ కొలతకు ఒప్పుకున్నాయి. మేస్త్రులు వేరు. షెడ్లు వేరు. కొలత ఒక్కటే.

కొలత ఒక్కటైతే సరిపోతుందా? దాన్ని సరిగ్గా అమలు చెయ్యాలి కూడా. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. 'జ్ఞా'. జ కింద ఞ వత్తు, దీర్ఘం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు. ఆ కూర్పును ఎలా గీయాలో ఆ ఫోను లోపలి ప్రోగ్రాముకు అంతుబట్టలేదు. ఆ అక్షరం సందేశంగా వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. అదే నెల 19న యాపిల్ దాన్ని సరిదిద్దింది. ఆ కొద్ది రోజులూ ఐఫోను ఇష్టపడేవాళ్లు ఒకవైపు, ఆండ్రాయిడ్ ఇష్టపడేవాళ్లు ఒకవైపు చేరి వాదించుకున్నారు. నాకు మాత్రం బాధ కలిగింది. జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరం అది. కోట్లమంది రోజూ పలికే భాషలోది. ఏ పక్షం ఓడిందని కాదు మనం అడగాల్సింది. మన అక్షరాన్ని ముందుగా సరిచూసుకోలేదేమని అడగాలి. ఆ ప్రశ్న ప్రతి మేస్త్రినీ అడగాలి.

ఇప్పుడు మీ ఇంటి విషయానికి వద్దాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో కొత్త విండోస్ 11 ఎక్కదు. ఇంట్లో అలాంటి యంత్రం ఉంటే ఒకరు కొత్తది కొనమంటారు. ఒకరు లినక్స్ వేసుకోమంటారు. రెండు సలహాల్లోనూ అభిమానం కొంత ఉంటుంది. మీరు ఎవరి మాట వినాలి?

ఎవరి మాటైనా వినండి. కానీ ముందు రెండే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, నా పని ఇందులో జరుగుతుందా? రెండు, నా అక్షరం నాతో వస్తుందా? మీరు శుభలేఖలు చేసేవారైతే, మీరు వాడే పాత ప్రోగ్రాము లినక్స్‌లో నడవకపోవచ్చు. అప్పుడు విండోస్‌లోనే ఉండండి. తప్పేం లేదు. పిల్లల చదువుకు, ఉత్తరాలకు, లెక్కలకు అయితే ఆ పాత యంత్రమే లినక్స్‌తో మళ్లీ పనిలోకి రావచ్చు. ఊరికే పారెయ్యకండి. ఏది వాడినా, మీ తెలుగును యూనికోడ్‌లో రాయండి. పాత ఫాంట్లలో ఉన్న ముఖ్యమైన కాగితాలను, ఆ యంత్రం ఇంకా నడుస్తుండగానే, మార్చి పెట్టుకోండి. ఒక కాపీ అచ్చు తీసి చెదలు తగలని చోట దాచండి. మళ్లీ చెబుతున్నాను. నా పని జరుగుతుందా? నా అక్షరం నాతో వస్తుందా? ఈ రెండూ అడగండి.

ఆ రోజు రైల్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. నా ఫోనులో ఆ నాలుగు పేజీలు ఉన్నాయి. కుర్రాళ్లిద్దరికీ పంపాను. ఒకడు విండోస్‌లో తెరిచాడు. ఒకడు లినక్స్‌లో తెరిచాడు. రెండు తెరల మీదా అవే అక్షరాలు. వత్తు పోలేదు. దీర్ఘం పోలేదు. మామ్మగారు చదవమన్నారు. ఒక పేజీ వాడు, ఒక పేజీ వీడు చదివారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక, "కరక్కాయ సంగతి రాయలేదేం?" అన్నారు. చిన్నతనంలో అద్దకం షెడ్డులో పనిచేశారట ఆవిడ.

"ఆ పేజీలు పోయాయి మామ్మా" అన్నాను.

"అయితే రాసుకోండి నాయనా. కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలపాలి. పాలు లేకపోతే రంగు పాకిపోద్ది. ముంచిన గుడ్డని ఎండలోనే ఆరెయ్యాలి."

విండోస్ కుర్రాడు ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు. లినక్స్ కుర్రాడు తన తెర చూపించి, "నాకూ పంపరా, ఇందులో కలుపుతాను" అన్నాడు. బండి గుడ్లవల్లేరులో ఆగింది.